కెమెరాకు కట్టిన తెర

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన కెమెరా కొన్నాడు. ఆత్మకూరుకు ఇవతల ఊరు మాది. భూములున్న ఇల్లు. అలాంటి ఇళ్లలో అప్పుడు ఘోషా ఉండేది. ఆడవాళ్లు వీధిలోకి రాకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. బండెక్కితే బండికి గూడు, గూడుకు తెర. బండి దిగితే ఇద్దరు పనిమనుషులు చెరో పక్క దుప్పటి ఎత్తి పట్టుకుని గుడి లోపలి దాకా నడిపించేవాళ్లు. దుప్పటి కింద నుంచి మన కాళ్లు, నేల మాత్రం కనబడతాయి. పెళ్లయ్యాక నేను చూసిన ఊళ్లన్నీ అలా చూసినవే. ఏ ఊళ్లో నేల ఎర్రగా ఉంటుందో, ఎక్కడ పేడ తొక్కాల్సి వస్తుందో అడగండి, చెప్తాను.

నేను పుట్టింది మైదుకూరు దగ్గర. మా పుట్టింట్లో ఈ పట్టింపులు లేవు. సంతకు నడిచిపోయి బెల్లం, గాజులు కొనుక్కుని నడిచొచ్చినదాన్ని. సంబంధం కుదిరినప్పుడు మా అమ్మ "పెద్దిల్లు, నీడపట్టున ఉంటావు" అని మురిసిపోయింది. నీడ మాట నిజమే. నడిమింటి వాకిట్లో చదరంగా కనబడే ఆకాశం తప్ప ఆ ఇంట్లో నాకు ఎండ తగిలేది కాదు. మొదటి ఏడాదంతా నాకు ఊపిరి ఆడలేదు. ఏడవలేదు కానీ, ప్రతిదానికీ కోపం వచ్చేది. రోట్లో పచ్చడి నూరుతుంటే పక్కింటికి వినబడేదట.

కాలవల మీద పనిచేసి ఊరు విడిచిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర మా ఆయన ఆ కెమెరా తీసుకున్నాడు. చెక్కపెట్టె. ముందు లెన్సు, మధ్యలో కమ్మరి తిత్తి లాంటి తోలు మడతలు, వెనక గరుకు అద్దం. మూడు కొయ్యకాళ్లు, తల మీద కప్పుకునేందుకు ఒక నల్లగుడ్డ. ఫిల్ము కాదు, గాజు పలకలు వాడేవాళ్లు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. డేరాల్లో ఆఫీసులు నడిచేవి, ఊళ్లో స్టూడియోలు పెరిగాయి. పలకలు అక్కడ దొరికేవి.

కెమెరా ఉన్న ఎవరైనా మనుషుల్ని తీస్తారు. మా ఆయనకు మనుషులు అక్కరలేదు. కొండలు, బండలు, ఏర్లు కావాలి. ఎక్కడో ఒక పుస్తకంలో ఒక ఏటి బొమ్మ చూశాడట. అందులో నీళ్లు నీళ్లలా లేవట, రాళ్ల మధ్య పొగ కూర్చున్నట్టు ఉన్నాయట. లెన్సులో ఉన్న కంతను బాగా చిన్నది చేసి, వెలుతురు తక్కువగా ఉన్న వేళ మూత తీసి, చాలాసేపు అలాగే ఉంచితే అలా వస్తుందని ఆయనే నాకు చెప్పాడు. కదలకుండా ఉన్నది పలక మీద పడుతుంది. కదిలేది చెరిగిపోతుంది. ఎదురుగా మనిషి నడిచిపోయినా బొమ్మలో ఆనవాలు ఉండదు. అలాంటి బొమ్మ ఒక్కటి తీయాలని ఆయనకు పిచ్చి.

మా బావగారు చావడిలో కూర్చుని వేళాకోళం చేసేవాడు. ఆ గొంతు లోపలిదాకా వినబడేది. "ఏమప్పా, మనుషులే లేని ఫోటో ఎవురికి? శ్మశానానికి పో, ఆడా ఎవురూ కదలరు."

ఇక ఇందులో నా పాత్ర. పలకలకు వెలుతురు తగలకూడదు. కటిక చీకట్లో వాటిని, కెమెరా వెనక దూర్చే పలకగూళ్లలోకి ఎక్కించాలి. మా ఇంట్లో చిన్న సందు కూడా లేకుండా చీకటిగా ఉండేది గింజల కొట్టు ఒక్కటే. అది వంటింటి వెనక, ఆడవాళ్ల వైపు. మా అత్త, తోడికోడలు, పనిమనుషులు మసిలే చోటికి పగటిపూట మగవాళ్లు రావడం మర్యాద కాదు. అందుకని ఆయన గడప బయట నిలబడి పలకల డబ్బా నాకు అందించేవాడు. కొట్టులో నేనొక్కదాన్నే కూర్చుని ఎక్కించేదాన్ని. మందు పూసిన వైపు ఏదో చీకట్లో తెలియదు. పలక మూల తడి పెదవికి ఆనించి చూస్తే, మందున్న వైపు కాస్త అతుక్కుంటుంది. అది ఎవరూ నేర్పలేదు. ఒకసారి తడబడి మూతికి తగిలి తెలిసింది.

సామాను కట్టడం కూడా నా పనే అయింది. ఆయన కడితే నల్లగుడ్డ ఉండేది, లెన్సు ఉండేది కాదు. మా వైపు బండ నేల మీద కొయ్యకాళ్ల ఇనుపమొనలు జారుతాయి. నీళ్ల కడవల కింద పెట్టే చుట్టకుదుర్లు మూడు ఇచ్చాను, ఒక్కో కాలి కింద ఒక్కోటి. గాలికి కెమెరా ఊగుతుందంటే పెరుగుకుండ ఉట్టి ఒకటి విప్పి ఇచ్చాను. అందులో రాయి వేసి కాళ్ల మధ్య వేలాడదీస్తే కదలదు. దుమ్ము పడకుండా తోలుమడతలకు నా పాత పట్టుచీర ముక్క చుట్టాను, నూలుగుడ్డయితే పీచు రాలుతుంది. పలకల మీది మందుకు చీమలు పడతాయి కాబట్టి ఆ డబ్బాను నేతికుండలాగా నీళ్లపళ్లెంలో పెట్టేదాన్ని. ఎండాకాలం ప్రయాణమైతే డబ్బాకు తడి గోనెపట్టా చుట్టేదాన్ని, కానీ తడి లోపలికి దిగకుండా మధ్యలో మైనపుగుడ్డ. ఆయన మాత్రం ఉన్న కళ్లద్దాలూ గొడుగూ దూరదర్శినీ అన్నీ బండిలో వేయమనేవాడు. నేను తీసేసేదాన్ని. "పెళ్లికి పోతాండావా, ఫోటోకి పోతాండావా?" అంటే నవ్వేవాడు. మంచివాడే. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ ఉండేదాన్ని.

ఆయన బండెక్కి పోయేవాడు, నేను కట్టిన మూటలు పోయేవి. తిరిగొచ్చాక పలకలు మళ్లీ నా కొట్టుకే వచ్చేవి. ఎర్రగాజు లాంతరు పెట్టుకుని పింగాణీ పళ్లాల్లో మందునీళ్లు పోసి, బొమ్మ తేలేదాకా నేనే కడిగేదాన్ని. నల్లమల, ఓర్వకల్లు బండలు, తుంగభద్ర, అన్నిటినీ అలా తడి గాజుమీదే చూశాను. అక్కడ అన్నీ తిరగబడి ఉంటాయి. ఆకాశం నల్లగా, నల్లబండ తెల్లగా. మా సీమ ఎలా ఉంటుందని ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే, నల్ల ఆకాశం కింద తెల్ల కొండలుంటాయని చెప్పేదాన్ని.

పైగా ఒక్కటీ సరిగా వచ్చేది కాదు. ఒకటి మసక, ఒకటి వంకర, ఒకదాంట్లో ఆయన వేలు. ఆయనకు దగ్గరచూపు సరిగా లేదు. గరుకు అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, అది చూస్తే తల తిరుగుతుందనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా కెమెరా మీదికి నెట్టేవాడు. వాకిట్లో ఒకరోజు ఆ గుడ్డ కప్పుకుని నేను చూశాను. నాకు తల తిరగలేదు. రోలు, దాని పక్కన కోడి, కోడి ముక్కు కూడా స్పష్టంగా నిలిపాను. ఆయన బూతద్దం పెట్టుకుని చూసి, "నువ్వు మగోడివైంటే బాగుండుమే" అన్నాడు. మెచ్చుకోలే అనుకోండి. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

మా అత్త ఏటా కార్తీకమాసంలో ఒక సోమవారం సంగమేశ్వరం పోయి కృష్ణలో మునిగేది. కోడళ్లను వంతులవారీగా వెంట తీసుకుపోయేది. ఆ ఏడు వంతు నాది. ఏటి బొమ్మ కోసం మా ఆయన కూడా వస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టలేదు. ఏటిదాకా పోయి, మళ్లీ దుప్పట్ల మధ్య నా కాళ్లు నేను చూసుకుంటూ మునిగి రావాలి. వెయ్యి గజాల ఏరు పక్కనే పెట్టుకుని చెంబుడు నీళ్లు చూసి రావడం. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఏరంతా చూడాలి. నాకు ఇంకేమీ వద్దనిపించింది.

మా అత్త తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. ఆమెతో పట్టుదలకు పోతే పని కాదు. ఆమె వేరుసెనక్కాయలు వొలుస్తుంటే పక్కన కూర్చుని నేనూ వొలుస్తూ మొదలుపెట్టాను.

"అత్తా, మీ కొడుకు కంటికి బొమ్మ ఆనడంలేదు. ఈసారి ఫోటో నేను తీస్తా."

"తీస్తావా? రేవుకాడ మగోళ్ల ముందర నిలబడుకొనేదా?"

"నిలబడుకొనేది నల్లగుడ్డ కింద కదా. తల కనపడదు, మొగం కనపడదు. మన బండి తెర కన్నా మందం అది. నిండా కప్పుకొని ఉండేది ఘోషా కాకుంటే ఇంకేంది?"

ఆమె చేతిలో కాయ చిట్లించి, గింజ నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "తల సరే. కాళ్లో?"

"కాళ్లకు తెర పట్టిపీండి."

"మీ మైదుకూరోళ్లకు నోరు శానా" అంది. ఇంకో కాయ తీసుకుని, "పట్టిపిస్తా. నాలుగు పక్కలా" అంది.

గడప బయట నుంచి మా ఆయన అందుకున్నాడు. "నాలుగు పక్కలా పట్టిపిస్తే ఫోటో యాడ పడతాదిమా? ఏటిపక్కన తెరిసిపెట్టల్ల."

"ఏటిపక్క ఎవురుంటార్లే, చేపలు. సరే, మూడు పక్కలా."

ఆ నాలుగో పక్క నాది. అది దక్కినప్పటినుంచి నేను సామాను ఏరడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఆయన కోసం కట్టాను, ఇప్పుడు నాకోసం. పలకల్లో రెండు రకాలుండేవి. ఒకటి తొందరగా బొమ్మ పట్టేది, ఒకటి మందకొడిది. మందకొడిదే తీసుకున్నాను. లెన్సుకు తొడిగే పసుపుపచ్చ అద్దం ఒకటుంది. అది పెడితే లోపలికి పోయే వెలుతురు ఇంకా తగ్గుతుంది. అదీ పెట్టాను. కంతల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని వాడతానన్నాను. సూర్యుడు రాకముందే తీయాలన్నాను. "నీళ్లు నిజంగా పొగలాగే వస్తాయిమే" అని ఆయన సంబరపడ్డాడు. నేను సరేనన్నాను. నాకు కావలసింది పొగ కాదు. మూత తీసింది మొదలు మళ్లీ పెట్టేదాకా ఎంత ఎక్కువసేపు పట్టగలదో అంత కావాలి. ఆ కాసేపట్లో నేను కెమెరా ముందు నుంచి ఏటిదాకా నడిచి రాగలను. కదిలేది బొమ్మలో పడదు. ఎవరికీ తెలియదు.

బయల్దేరిన మర్నాడు తెల్లవారకముందే బండి రేవు పక్కన ఒక మిట్ట మీద ఆగింది. మా అత్త తన ఇద్దరు మనుషులతో దుప్పట్ల మధ్య స్నానానికి దిగిపోయింది. నాకు మా తోడికోడలి దగ్గర పనిచేసే అక్కాచెల్లెళ్లు తెర పట్టారు, వెనకా, ఇరుపక్కలా. వాళ్లకు చలి, కునుకు. మా ఆయన తెర వెనక దూరంగా నిలబడి ఎవరూ రాకుండా కాపలా కాశాడు. చుట్టకుదుర్లు పరిచి కాళ్లు నిలబెట్టాను, ఉట్టిలో రాయి వేశాను. నల్లగుడ్డ కప్పుకున్నాను.

ఏటికి రంగు ఉంది. ఆ సంగతి నేను మరిచేపోయాను. గరుకు అద్దం మీద ఆకాశం కిందా ఏరు పైనా ఉన్నాయి, అయినా రంగులున్నాయి. నీళ్లు సీసం రంగులో, అవతల నల్లమల నీలంగా, బండలు తడికి ఎర్రగా మెరుస్తూ. ఆ గుడ్డ కిందే నా కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకుని బొమ్మను నిలిపాను. పలకగూడు దూర్చాను. పలకకు అడ్డున్న రేకు లాగాను. లెన్సు మూత తీశాను.

గుడ్డ తీసి తల బయటపెట్టి, కెమెరా పక్క నుంచి ముందుకు నడిచాను. తెర పట్టిన అక్కాచెల్లెళ్లు దుప్పటి అంచు మీద నుంచి నన్ను చూశారు. మనసులో నమశ్శివాయ అనుకుంటూ లెక్క పెడుతున్నాను. బండల మీద నుంచి దిగుతుంటే పాదాలకు చల్లగా తగిలింది. కదులుతూ ఉండాలి. కదులుతూ ఉంటే నేను లేనట్టే లెక్క. నీళ్ల అంచుకు పోయాను. ఎదురుగా దుప్పటి లేదు, గూడు లేదు, గోడ లేదు. ఏరు అటునుంచి ఇటుదాకా, చూపు ఆగేదాకా పోతోంది. భావనాసి ఏరు వచ్చి కలిసే చోట నీళ్లు మెలిపడి తెల్లగా లేస్తున్నాయి.

కదులుతూ చూస్తే చూసినట్టు కాదు. నేను నిలబడిపోయాను. తప్పని తెలుసు. పలక తెరిచి ఉందని తెలుసు. అయినా కాళ్లు పెకలలేదు. నమశ్శివాయ ఎక్కడో తప్పిపోయింది. చెల్లెలు మెల్లగా "అమ్మా" అని పిలిచేదాకా అలాగే ఉన్నాను. వెనక్కి వచ్చి మూత పెట్టాను. చేతులు వణకలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇంటికి వచ్చాక ఆ పలక కడిగాను. ఎర్రలాంతరు కింద ముందు ఆకాశం నల్లబడింది, తరవాత నీళ్లు. నీళ్లు నిజంగానే పొగలా వచ్చాయి. బండలు స్పష్టంగా నిలిచాయి. బండ ముందర, నీళ్ల అంచున, వడ్లగింజంత ఒక నల్లటి నిలువు మచ్చ. నా లేతరంగు చీర. కొంగు గాలికి చెదిరిపోయింది, తల ఉంది, భుజాలున్నాయి. నేనున్నాను. గింజల కొట్టులో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. బయట మా తోడికోడలు "ఏమైంది?" అంది. పలక బాగా వచ్చిందన్నాను.

మా ఆయన పలకను వెలుతురుకు ఎత్తి చూశాడు. కన్నీళ్లు పెట్టుకున్నాడంటే నమ్మండి. అంతలో ఆ మచ్చ చూశాడు. బూతద్దం తెచ్చుకుని చూశాడు.

"ఇది నువ్వేనా?"

"నేనే."

"దీన్ని చావిట్లో పెట్టల్లని అన్న ఇప్పుడే ఫ్రేము చేపిస్తాండాడు. కర్నూలునుంచి ఆఫీసర్లు వస్తాండారు. మనింటి ఆడమనిషిని పదిమంది చూసేదా?"

"మొగం కనపడదు. ఎవురో ఏమో అనుకుంటారు."

"మొగం కనపడదు. మనిషి కనపడతాది. ఎవురింటి మనిషి అని అడిగితే నేనేం చెప్పల్ల?" కోపం లేదు ఆ గొంతులో, భయం ఉంది. "అమ్మకు తెలిస్తే నిన్ను ఇంక గడప కూడా దాటనీదు. దీన్ని పగలగొట్టేస్తాలే, మల్లా తీసుకుందాం."

మళ్లీ ఎప్పుడు? నా వంతు మళ్లీ ఎప్పుడు వస్తుంది? పలక పగిలితే ఏరూ పోతుంది. నేను చూసిన ఏరు అదొక్కటే. పలక ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

గాజుమీద నల్లమచ్చను కత్తిమొనతో పలచగా గీకితే, అచ్చు తీసినప్పుడు అక్కడ రాయి రంగు వస్తుంది. ఆ పని ఆయన చేస్తే చెయ్యి వణికి ఏరంతా గీతలు పడతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "నీ చెయ్యి నిలకడ" అన్నాడు, నేల చూస్తూ. పొద్దున్నే నడిమింటి వాకిట్లో, ఆ చదరపు ఎండలో కూర్చున్నాను. మొదట కొంగు గీకాను, తరవాత కాళ్లు, తరవాత భుజాలు. తల చివరికి ఉంచుకున్నాను. ఎంత ఒళ్లు మండిందంటే, ఆ కత్తి ఇంకోచోట దించాలనిపించింది. కానీ చెయ్యి చెదరలేదు. పని అయ్యాక అక్కడ ఒక మనిషి నిలబడిందని నాకు కూడా కనబడలేదు.

అచ్చు బాగా వచ్చింది. చావడికి పోయే ముందు మా ఆయన దాన్ని వాళ్లమ్మకు చూపించాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు చేతుల్తో పట్టుకుని, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. ఏమైనా మిగిలిందేమోనని నేను ఆమె కళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాను.

"శానా బాగుండాది నాయనా" అంది. "ఇది యాడ?"

మా ఆయన నవ్వేశాడు. "యాడేందిమా? సంగమేశ్వరం. మొన్న నువ్వు మునిగిన రేవు."

మా అత్త నవ్వలేదు. కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చిన ఏడాది మొదలు ప్రతి కార్తీకంలోనూ ఆ నీళ్లలో దుప్పట్ల మధ్యే మునిగిన మనిషి. ఫోటో మీద నుంచి కళ్లు తీయకుండా కొడుకును పొమ్మని చెయ్యి ఊపింది. ఆయన పోయాక ఫోటో నా వైపు తిప్పింది.

"అమ్మీ, ఇందులో నేను మునిగేది యాడ, కొంచెం చూపీ" అంది.